అద్దాల బాబాయి వేలిముద్ర

నాకు అర్జీలు రాయడం పని. ప్రభుత్వ కార్యాలయం గేటు పక్కన, సైకిళ్లు పెట్టుకునే రేకుల షెడ్డు కింద నా బల్ల ఉంటుంది. రెండు కుర్చీలు, ఒక స్టాంపు ప్యాడు, కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకునే ఇనుప ముక్క. ఇరవై రెండేళ్లుగా అదే చోటు. లోపల కూర్చునేవాళ్ల మీద నాకు గౌరవం పోయి చాలా కాలమైంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, మధ్యలో నన్ను కోపిష్ఠిది అనుకోకుండా ఉంటారని. నిజానికి నేను కోపిష్ఠిదాన్నే.

అద్దాల బాబాయి నాకు చుట్టమేమీ కాదు. మా వీధి చివరి ఇల్లు వాళ్లది. రాతి గచ్చులకు పాలిష్ పట్టడం ఆయన పని. ఆయన పట్టిన గచ్చులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చని ఎవరో అన్నారు, అప్పట్నుంచీ అందరికీ అద్దాల బాబాయే. యంత్రం కింద ముందు గరుకు రాయి బిగించి, నీళ్లు పోస్తూ తిప్పుతాడు. తర్వాత కొంచెం నునుపుది, ఆ తర్వాత ఇంకా నునుపుది. ఏడు రాళ్లు మారితేగానీ ఆయన ఒప్పుకోడు. గోడ మూలల్లోకి యంత్రం పోదు కాబట్టి అక్కడ గొంతుక్కూర్చుని, రాతి ముక్కను బొటనవేలి కింద అదిమిపట్టి చేత్తోనే రుద్దుతాడు. చివర్లో తెల్లటి పొడి చల్లి తడిగుడ్డతో తోముతాడు. ఆ పొడి రాతికి మెరుపిస్తుంది, మనిషి చర్మాన్ని తినేస్తుంది.

ఆయన ఏడేళ్లు జైల్లో ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, పనిచేసేచోట మేస్త్రీతో గొడవపడి చేతిలో ఉన్న రాయి విసిరాడు. అది కణతకు తగిలింది. మేస్త్రీ మూడో రోజు పోయాడు. నా బల్ల దగ్గరకొచ్చే మనుషులు తమ తప్పు చెప్పాల్సి వస్తే అరగంట ముందునుంచి కారణాలు చెబుతారు. ఈయన మాత్రం, "కోపమొచ్చింది, కొట్టాను" అంటాడు. అంతకుమించి నేనెప్పుడూ వినలేదు.

మా దగ్గర ప్రాణం తీసిన కేసులో శిక్ష పడితే ఓటు పోతుంది. శిక్ష అయిపోయి బయటికొచ్చినా తిరిగి రాదు. అందుకని ఎన్నికల రోజున బాబాయికి జ్వరం వచ్చేది. కూతురి పెళ్లయినప్పట్నుంచీ, ఏ ఎన్నికైనా సరే, పొద్దున్నే దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. ఎందుకంటే అల్లుడికి ఈ జైలు సంగతి తెలీదు. ఆ రోజున అల్లుడు ఫోన్ చేసి, "ఓటేశారా మావయ్యా?" అని అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా. కూతురికి అన్నీ తెలుసు. నాన్న జైలుకెళ్లినప్పుడు దానికి మూడేళ్లు, తిరిగొచ్చినప్పుడు పదేళ్లు. "నాన్న దూరదేశం పనికెళ్లాడు" అని అత్తింట్లో చెప్పుకుంది. పద్నాలుగేళ్లుగా ఆ మాట మీదే కాపురం చేస్తోంది.

పోయిన ఏడాది చట్టం మారింది. శిక్ష పూర్తిగా అనుభవించి, బయటికొచ్చాక పదేళ్లు ఏ కేసూ లేకుండా బతికినవాళ్లు అర్జీ పెట్టుకుంటే ఓటు తిరిగి ఇస్తారని పేపర్లో వేశారు. ఆ పేపరు మడత పెట్టుకుని బాబాయి నా బల్ల దగ్గరకొచ్చాడు. బట్టలకు ఇంకా రాతి బురద అంటుకునే ఉంది.

"ఎందుకు బాబాయ్ నీకది?" అన్నాను. "వేసినవాళ్లం ఏం బావుకున్నాం?"

"నువ్వు ఓటేసి తిట్టుకుంటావు. నాకు తిట్టుకునే మొహం కూడా లేదు తల్లీ" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "జడ్జిగారు ఏడేళ్లన్నాడు. ఏడేళ్లూ ఉన్నాను. ఈ మిగతా ఇరవయ్యారేళ్లు నాకు ఎవరు వేశారు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర ఫారం లేదు. అర్జీ ఫారం మాత్రం ఉంది, అది తీశాను. పదకొండు పేజీలు. తొమ్మిదో పేజీ చదవగానే నా చెయ్యి ఆగిపోయింది. అర్జీ పెట్టినవాళ్ల ఇంటి తలుపు మీద పదిహేను రోజులు నోటీసు అంటిస్తారట. పేరు, చేసిన నేరం, పడిన శిక్ష, ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఫలానా చోట చెప్పుకోవచ్చని. చదివి వినిపించాను. ఆయన నా స్టాంపు ప్యాడు ముందుకు జరిపి, "రాసెయ్" అన్నాడు.

ఇంట్లో పిన్ని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "ఊరందరికీ చాటించుకుని తెచ్చుకునే ఓటు ఏం చేసుకుంటావయ్యా, ఉప్పేసుకుని నాకుతావా?" అని గిన్నెలు విసిరింది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నోటీసు అంటించడానికి మనిషి వచ్చాడు. జిగురు డబ్బా కింద పెట్టి, కాగితం తలుపుకు అడ్డంగా అంటించి, మంచినీళ్లు అడిగి తాగి వెళ్లాడు.

వీధిలో పెద్దగా ఏమీ కాలేదు. సగం మందికి ముందే తెలుసు, మిగతా సగం తెలిసినట్టే మొహం పెట్టారు. తొమ్మిదో రోజున అల్లుడు వచ్చాడు. అటువైపు ఏదో పని ఉండి, చెప్పకుండా వచ్చాడు. నేను మా అరుగు మీదే ఉన్నాను. హెల్మెట్ చేతిలో పట్టుకుని తలుపు ముందు నిలబడి మొదట్నుంచి చివరిదాకా చదివాడు. మళ్లీ చదివాడు. లోపల్నుంచి పిన్ని, "ఎవరదీ?" అని అడుగుతూనే ఉంది. అతను తలుపు తట్టకుండానే బండెక్కి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత కూతురి నుంచి ఫోన్ ఒక్కసారే వచ్చింది. "ఇన్నేళ్లు నేను దాచుకొచ్చాను నాన్నా, నువ్వే అంటించుకున్నావు" అని పెట్టేసిందట. సెలవులకు పిల్లల్ని పంపలేదు. బాబాయి ఈ మాట మామూలు గొంతుతోనే చెప్పాడు. పిన్ని మాత్రం ఆ రోజు నుంచి మారిపోయింది. అంతవరకూ వద్దు వద్దన్న మనిషి, "పరువెలాగూ గంగలో కలిసింది. ఆ ఓటన్నా రాకపోతే ఊరుకోను" అని మొండికేసింది. నాకు అర్థమైంది. ఇంత పోగొట్టుకున్నాక చేతికేదో ఒకటి రాకపోతే మనిషి ఎలా తట్టుకుంటుంది?

నోటీసు గడువు అయిపోయాక కౌంటరు దగ్గరకు పిలిచారు. నేనూ వెంట వెళ్లాను. హాల్లో అడుగు పెట్టగానే బాబాయి కిందకి చూసి, "ఐదో రాయి దగ్గరే ఆపేశారు, దొంగలు" అన్నాడు. కౌంటరు వెనక జలుబుతో ముక్కు తుడుచుకుంటున్న గుమాస్తా ఉన్నాడు, కుర్రాడేమీ కాదు, నలభై దాటినవాడే. పాత జైలు కాగితాల మీద ఉన్న వేలిముద్రలన్నీ ఈమధ్య యంత్రంలోకి ఎక్కించారట. అర్జీ పెట్టిన మనిషి వేలు గాజు మీద పెడితే, ఫైల్లోని ముద్రతో అది సరిపోవాలి. సరిపోతేనే ఆ మనిషి ఆ మనిషని నమ్ముతారు.

బాబాయి వేలు పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది. తుడిచి పెట్టాడు. ఎర్ర దీపం. ఎడమచేతి బొటనవేలు పెట్టాడు. అదీ అంతే.

"మీకు వేలిముద్ర లేదండీ" అన్నాడు గుమాస్తా.

బాబాయి తన వేలు వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకున్నాడు. "ఉంది కదా బాబూ."

"వేలుంది. ముద్ర లేదు. మొత్తం అరిగిపోయింది, చూడండి, గాజులా ఉంది."

నాకు ఒళ్లు మండింది. విడుదల కాగితం చూపించాను, ఫొటో చూపించాను, కేసు నంబరు, జైలు నంబరు అన్నీ అప్పజెప్పాను. "లోపలికి తోసేటప్పుడు ఈయనెవరో మీకు బాగానే తెలిసిందే!" అన్నాను. గుమాస్తా పాపం కోప్పడలేదు. మళ్లీ ముక్కు తుడుచుకుని, "నన్ను తిడితే గీతలు రావమ్మా. పని మానేస్తే వస్తాయి. ఇటుకల బట్టీలో చేసే ఆయన నెలన్నర చెయ్యి కదపకుండా కూర్చున్నాడు, వచ్చాయి. జాబితా మూసెయ్యడానికి ఇంకా నలభై మూడు రోజులుంది. చూసుకోండి" అన్నాడు.

బయటికొచ్చాక బాబాయి, "కొత్త ఆసుపత్రి గచ్చు ఒప్పుకున్నాను" అన్నాడు. ఆ ఒక్క మాటే. మర్నాడు యంత్రాన్ని ఇంకొకరికి అప్పగించి వచ్చి ఇంట్లో కూర్చున్నాడు.

ఇరవయ్యారేళ్లుగా ఒక్క పూట ఖాళీగా ఉండని మనిషి కూర్చుంటే ఎలా ఉంటుందో చూశాను. కాలుగాలిన పిల్లిలా గుమ్మానికీ పెరటికీ తిరిగేవాడు. పిన్ని కాపలా. నీళ్ల చెంబు ముట్టుకోనిచ్చేది కాదు, సబ్బు ముట్టుకోనిచ్చేది కాదు. పొద్దునా సాయంత్రం ఆ బొటనవేలికి నూనె రాసి మెత్తటి గుడ్డ చుట్టేది. "పెళ్లప్పుడు కూడా ఈ మనిషికి ఇంత ముస్తాబు చెయ్యలేదు" అనేది. వీధిలో వాళ్లు, "వేలెలా ఉంది బాబాయ్, పాలు తాగుతోందా?" అని పసిపిల్లను పలకరించినట్టు పలకరించేవారు. ఆయన కూడా గుడ్డ విప్పి చూపించేవాడు.

వారానికోసారి నా బల్ల దగ్గరకొచ్చి, ప్యాడులో అద్ది తెల్ల కాగితం మీద వేసేవాడు. మొదటి వారం పడింది సిరా మరక. రెండో వారమూ మరకే. మూడో వారంలో ఆ మరక అంచున రెండు మూడు సన్నటి గీతలు కనిపించాయి. ఇద్దరం కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాం. ఐదో వారానికి చుట్టూ గీతలు, మధ్యలో సుడి. నేను సంతోషం పట్టలేక పక్క బల్ల మీద టైపు కొట్టే ఆయన్ని పిలిచి మరీ చూపించాను. ఎవరైనా చూస్తే మాకు పిచ్చి పట్టిందనుకునేవారు.

జాబితా మూతపడటానికి రెండు రోజులుందనగా ముగ్గురం వెళ్లాం. పిన్ని కూడా వచ్చింది, గుడ్డ విప్పింది ఆవిడే. బాబాయి గాజు మీద వేలు పెట్టాడు. పచ్చ దీపం వెలిగింది. పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గుమాస్తా కూడా నవ్వాడు, నిజంగానే నవ్వాడు. అంతలో తెర మీద ఇంకేదో కనిపించి ఆ నవ్వు ఆగిపోయింది.

"ఒకసారి ఇలా రండమ్మా" అని నన్ను పిలిచి తెర ఇటు తిప్పాడు. రెండు ఫైళ్లున్నాయి. ఒకటి బాబాయిది. రెండోది ఇంకెవరో ఖైదీది, వయసులో చాలా పెద్దవాడు. పదిహేను రోజుల సెలవు మీద ఇంటికెళ్లి తిరిగి రాలేదు. పేరు పక్కన "పరారీ" అని ఉంది. రెండు ఫైళ్లకూ వేలిముద్ర ఒకటే.

బాబాయి ఆ పేరు వినగానే వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయాడు. అక్కడే చెప్పాడు.

"మా వార్డులో ఉండేవాడమ్మా. తాతా అని పిలిచేవాళ్లం. రెండు చేతులూ వణుకు. అన్నం ముద్ద నోటిదాకా వచ్చేది కాదు, నేనే తినిపించేవాణ్ణి. వాళ్లావిడకు ప్రాణం మీదకొచ్చిందని సెలవిచ్చారు. కాగితం మీద వేలు వెయ్యాలి కదా. వణికి వణికి మొత్తం పులిమేశాడు. రెండు కాగితాలు పాడయ్యాయి. ఇంకొక్కటే ఉంది, ఇదీ పాడైతే వచ్చే నెల చూద్దాం అన్నాడు వార్డరు. వచ్చే నెలకి ఆవిడ ఉంటుందా? ఎవడో ఒకడు వెయ్యండ్రా అన్నాడు వార్డరే. నేను వేశాను."

"అలా వెయ్యొచ్చా బాబాయ్?"

"అక్కడ అందరూ వేసేవాళ్లం. చేతికి కట్టున్నవాడి బదులు పక్కవాడు, జ్వరమొచ్చి లేవలేనివాడి బదులు ఇంకొకడు. మందు తీసుకోవాలన్నా, దుప్పటి తీసుకోవాలన్నా వేలు వెయ్యాలి. వేలు లేకపోతే ఇవ్వరు. తప్పని ఎవరనుకుంటారమ్మా?"

తాత తిరిగి రాలేదు. ఇంటి దగ్గరే కన్ను మూసి ఉంటాడని వార్డులో అందరూ అనుకున్నారు. ఎవరూ వెతకలేదు. ఆయన ఫైల్లో చివరి కాగితం ఆ సెలవు అర్జీ. యంత్రానికి తినిపించినప్పుడు చివరి కాగితం మీదున్న ముద్రనే తీసుకున్నారు. అంతవరకూ అరిగిపోయిన వేలు బాబాయిని కాపాడుతూ వచ్చింది. మేం నూనె రాసి, గుడ్డ చుట్టి, వారం వారం చూసుకుని మురిసిపోతూ దాన్ని మొలిపించాం.

గుమాస్తా ఏదో సర్దిచెప్పాలని చూశాడు. "నేను పంపకుండా ఆపేవాణ్ణే. రెండు ఫైళ్లు కలిస్తే యంత్రమే పోలీసులకు పంపేస్తుంది" అన్నాడు.

మర్నాడు స్టేషనుకు పిలిచారు. అధికారి ఫైలు తెరిచి, బాబాయిని పైనుంచి కిందకి చూసి, "నీ వయసెంత?" అన్నాడు. అరవై ఒకటి. "ఈ పారిపోయినాయనకు ఇప్పుడు తొంభై ఎనిమిది. నువ్వు ఆయనవి కాదని గుడ్డివాడు కూడా చెబుతాడు" అని నవ్వాడు. టీ కూడా తెప్పించాడు. చెడ్డవాడు కాదు. ఈ మొత్తం వ్యవహారంలో చెడ్డవాడెవరో దొరికి ఉంటే నా కడుపుమంట కొంచెమైనా చల్లారేది.

టీ తాగాక అసలు సంగతి చెప్పాడు. ముద్ర రెండు చోట్ల ఉన్నన్నాళ్లూ ఓటు రాదు. దారులు రెండున్నాయి. ఇంకొకరి పేరున వేలు వేసి ఖైదీ పారిపోవడానికి సాయపడ్డానని, అది నేరమని ఒప్పుకుంటూ బాబాయి రాసివ్వాలి. చిన్న కేసు, జైలుండదు, కోర్టు మందలించి వదిలేస్తుంది. కానీ ఏ కేసూ లేని పదేళ్లు మళ్లీ మొదట్నుంచి లెక్కపెడతారు. లేదంటే, ఓటు హక్కు వద్దని, ఇష్టపూర్వకంగా అర్జీ వెనక్కి తీసుకుంటున్నానని రాసివ్వాలి. అప్పుడు అధికారి ఈ ఫైలు మూసేస్తాడు. కాకపోతే ఒకసారి వద్దని రాసిచ్చినవాళ్లు మళ్లీ అడగడానికి లేదు.

నా బల్ల దగ్గరకొచ్చాం. నేను కాగితం తీసి మొదటిదే రాయడం మొదలుపెట్టాను. ఆలోచించడానికేముంది? "డెబ్బై ఒకటికి వస్తుంది బాబాయ్. గుండ్రాయిలా ఉన్నావు, ఎక్కడికీ పోవు. నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళతాను" అన్నాను.

"రాసెయ్యమ్మా" అంది పిన్ని. "తప్పయిందంటే నోరేం అరిగిపోదు."

బాబాయి నా పెన్ను మీద చెయ్యి పెట్టాడు.

"మేస్త్రీని కొట్టాను. తప్పయిందని అప్పుడూ అన్నాను, ఇప్పుడు వెయ్యిసార్లు రాయమన్నా రాయిస్తాను. వాళ్ల పిల్లల మొహం చూడలేక ఆ వీధిలో ఈనాటికీ నడవను. కానీ ఇది తప్పని రాయించకు. ఏడేళ్లలో మనిషిలా చేసిన పని అదొక్కటే నాకు కనిపిస్తుంది. ముసలాయన పెళ్లాం దగ్గరికి వెళ్లాడు. ఆవిడ్ని చూశాడో లేదో కూడా నాకు తెలీదు. చూశాడనే అనుకుంటాను. దాన్ని నేరమని రాసిచ్చి ఓటేసుకోవాలా?"

"మరి ఇన్నాళ్లూ పడింది?" అంది పిన్ని. "పిల్ల ఫోన్ చెయ్యట్లేదు. మనవలు రావట్లేదు. దేనికోసమయ్యా ఇదంతా?"

ఆవిడ కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది, నలుగురూ చూస్తున్నా ఆగలేదు. నేనూ పోట్లాడాను. నీ పంతానికి ఆవిణ్ణి బలిపెడుతున్నావన్నాను, ఇంకా అనరానివి కూడా అన్నాను. ఆయనన్నది సరైన మాటని తెలిసే అన్నాను. సరైన మాట చెప్పి ఓడిపోయే మనుషుల్ని చూస్తే నాకు వాళ్ల మీదే కోపం వస్తుంది, ఎందుకో మరి.

చివరికి రెండోదే రాశాను. "నాకు ఓటు హక్కు అక్కర లేదు. ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా..." నా చేత్తోనే రాశాను. అబద్ధమని తెలిసి రాసిన అర్జీలు నా బతుకులో బోలెడున్నాయి, ఏదీ ఇంతగా గుచ్చుకోలేదు. చదివి వినిపించాను. ఇష్టపూర్వకంగా అన్న మాట దగ్గర ఆయన తల ఊపాడు. ప్యాడులో వేలు అద్ది వేశాడు. ప్రతి గీతా పడింది.

లోపలికి తీసుకెళ్లి కౌంటరులో ఇచ్చాను. అదే గుమాస్తా. ఇంకో కాగితం జతచెయ్యమనలేదు, రేపు రమ్మనలేదు, పెద్దాయన సంతకం కావాలనలేదు. పుస్తకంలో నంబరు ఎక్కించి, గుండ్రటి సీలు కొట్టి, అడ్డంగా "మంజూరు" అని రాసి నకలు చేతిలో పెట్టాడు. గోడ గడియారంలో నాలుగు నిమిషాలు కూడా కాలేదు.

బాబాయి ఆ కాగితం పట్టుకుని సీలు వైపు చూశాడు.

"ఇంత తొందరగా కూడా చెయ్యగలరా తల్లీ వీళ్లు?" అన్నాడు.

"చెయ్యగలరు బాబాయ్" అన్నాను.